అమ్మ కాదని చెబితే చాలు

"ఆ సోయా సాస్ ఇటు పెట్టమను" అన్నాడు తూమసీ.

ఎవరితో అన్నాడో తెలియదు. వంటింట్లో ఉన్నది మొగుడూ పెళ్లామూ, కిటికీలో మోగుతున్న రేడియో. రేడియోలో ఎవరో ముసలాయన మంచు మీద నడిపే తన స్కిడూ బండి తాళం పోయిందనీ, దొరికినవాళ్లు తెచ్చి ఇమ్మనీ ఊరందరికీ చెబుతున్నాడు.

మొన్న మధ్యాహ్నం నుంచీ ఇదే తంతు. నీతి కమిషనర్ గారి ఆఫీసు నుంచి వచ్చిన కవరు చించి, లోపలి కాగితం మీద ఫిర్యాదు చేసిన మనిషి పేరు చదివిన దగ్గర్నుంచీ మంత్రిగారు భార్యతో నేరుగా మాట్లాడటం మానేశారు. టీ కావాలంటే కెటిల్‌కి చెబుతారు. తువ్వాలు కావాలంటే తలుపుకి చెబుతారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఇరవై అయిదు ఊళ్ల మంచిచెడ్డలు చూసే మంత్రి. అలిగితే మాత్రం అయిదేళ్లవాడే.

లీటియా నేల మీద పరిచిన అట్ట దగ్గర కూర్చుని, గడ్డకట్టిన చార్ చేపను ఉలూ కత్తితో పల్చగా కోస్తోంది. సాస్ సీసా తీసి అతని మోకాలి దగ్గర పెట్టింది.

"కమిషనర్ గారి విమానం దిగిందట. రెండింటికి హాల్లో విచారణ" అంది.

"నాకెందుకు చెబుతున్నారు? పిలిపించుకున్నవాళ్లు ఎదురెళ్లి ఆవిడ సంచులు మోసుకు రమ్మను."

"మోస్తాను. నాకేం సిగ్గా?"

"సిగ్గు లేకే కదా రాశావు!"

నేరుగా అనేశాడు. అనేశాక ఇక ఆగలేదు.

"ముప్పై మూడేళ్లు కాపురం చేసిన మొగుడి మీద, ముక్కూ మొహం తెలియని ఆవిడకి ఉత్తరం రాశావు. నాలుగు పేజీలు! నేను అసెంబ్లీకి వెళ్లి నెలలకు నెలలు ఉన్నప్పుడు నాకు నాలుగు ముక్కలు రాసిన పాపాన పోలేదు."

"నీకు రాయాల్సిన పనేముంది, చెప్పాను కదా. ఇంటింటికీ నీళ్లు పోసే లారీల పని ఎవరికివ్వాలో తేల్చే మీటింగు రోజున ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ దరఖాస్తుల్లో మీ అమ్మది ఉంది, నువ్వక్కడ కూర్చోకు, లేచి బయటికి వచ్చెయ్ అని. వచ్చావా? తర్వాత మూడు నెలలు చెప్పాను. కమిషనర్ గారికి నువ్వే ఫోన్ చెయ్యి, జరిగింది చెప్పు, సలహా అడుగు, ఆవిడ ఉన్నదే అందుకు అని. చేశావా?"

"మరిచిపోయాను."

"మూడు నెలలా?"

తూమసీ చేపముక్క నోట్లో వేసుకుని నమలసాగాడు. ముక్క ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. అయినా నములుతూనే ఉన్నాడు.

ఇంతకీ ఆ అమ్మ వయసు ఇరవై ఏడు. మీసం కూడా ఉంది. తూమసీని కన్న తల్లి ఆసివాక్ చనిపోయిన ఏడాదే నాలుగిళ్ల అవతల ఒక మగపిల్లాడు పుడితే, ఆ పేరు వాడికి పెట్టారు. ఇన్యూట్ వాళ్లలో పేరు పెట్టారంటే ఆ మనిషి తిరిగొచ్చినట్టే. ఆడా మగా పట్టింపు లేదు, రక్తసంబంధం అక్కర్లేదు. ముప్పై దాటిన తూమసీ ఆ పసిగుడ్డును చేతుల్లోకి తీసుకుని "అమ్మా" అని వలవల ఏడ్చాడు. మొదటి వేట మాంసం ఇవాళ్టికీ ఆ ఇంటికే వెళుతుంది. ఆసివాక్ కూడా తల్లి పదవిని తేలిగ్గా తీసుకునే రకం కాదు. బడిలో చదివే రోజుల్లోనే ఈ మంత్రిగారి చెవి పట్టుకుని సిగరెట్లు మాన్పించాడు.

ఫోన్ మోగింది. ఒట్టావా నుంచి లాయరు డెస్మండ్. తూమసీ చేతులకు చేప అంటి ఉండటంతో మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"మంత్రిగారూ, హాల్లో మీరు చెప్పాల్సింది ఒక్కటే మాట. ఆసివాక్ నాకు తల్లి కాదు. అంతే. చట్టంలో కుటుంబం అంటే భార్య, పిల్లలు, కన్నవాళ్లు, తోబుట్టువులు. పేరు చుట్టరికాలు అందులో లేవు. మీరా మాట అంటే కమిషనర్ కాగితాలు మూటగట్టుకుని మళ్లీ విమానం ఎక్కుతుంది."

"మరి ఊరందరూ..."

"ఊరందరూ ఏమనుకుంటే మనకేం? అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి. వివరంగా చెప్పబోకండి. మీరు వివరిస్తే నేను మునుగుతాను."

"అవును, అమ్మే అంటే?"

"మీ నోటితో మీరే ఒప్పుకుంటే ఇక చట్టం మిమ్మల్ని కాపాడదు. మంత్రి పదవి పోతుంది. ఆవిడ సిఫార్సు చేస్తే సీటు సంగతి అసెంబ్లీ తేలుస్తుంది. తేలుస్తుందంటే పోతుందని" అన్నాడు డెస్మండ్. "ఒక్క మాటండీ. అబద్ధం కూడా కాదు."

ఫోన్ పెట్టేశాక లీటియా కత్తి తుడిచి పక్కన పెట్టింది.

"చెప్పు మరి" అంది. "అందరి ముందూ నిలబడి, కాదు అని చెప్పు. రేపు అత్తయ్య ఈ గుమ్మంలోకి వస్తే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో కూడా ఆ లాయర్నే అడుగు."

"పధ్నాలుగేళ్లుగా గెలుస్తున్నాను లీటియా. ఈ ఊరి బడికి కొత్త కప్పు నేను వేయించాను. డయాలసిస్ మిషన్ నేను తెప్పించాను. ఒక్క సంతకానికి అదంతా పోవాలా?"

"బడి కప్పు ఎవరూ పీక్కెళ్లరులే. నేనడిగేది ఆ సంతకం గురించి."

ముసలాయన స్కిడూ తాళం దొరికిందని రేడియోలో చెప్పారు. ఆయన జేబులోనే ఉందట. మామూలు రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లే.

తలుపు తోసుకుని ఆసివాక్ వచ్చాడు. ఆ ఊళ్లో తలుపు తట్టేది పోలీసులూ పాస్టర్లే. ఒంటి మీద నీళ్ల లారీ కోటు, మంచు అంటిన బూట్లు. వాటిని గుమ్మంలో విప్పి లోపలికి వస్తుంటే, చెంపలు నెరిసిన మంత్రిగారు గబగబా లేచి సోఫా మీది బట్టలు పక్కకి నెట్టారు.

"కూర్చో అమ్మా. తిన్నావా?"

"నా తిండి సంగతి తర్వాత. నీ మొహమేంట్రా అలా పీక్కుపోయింది? రాత్రి పడుకున్నావా?"

"పడుకున్నాను."

"అబద్ధాలాడకు." ఆసివాక్ లీటియా వైపు తిరిగాడు. "ఏమ్మా కోడలా, ఊళ్లో ఏదేదో అంటున్నారు. ఆ ఉత్తరం రాసింది నువ్వా?"

లీటియా కనుబొమలు పైకెత్తింది. అక్కడ దానర్థం అవునని. తర్వాత, అది చాలదనిపించి నోటితో కూడా చెప్పింది.

"నేనే రాశాను అత్తయ్యా. మీ మీద కాదు, ఈయన మీద."

"ఎవరి మీదైతేనేం, ఊడేది నా పనే కదా! ముగ్గురు కుర్రాళ్లు నా దగ్గర పనిచేస్తున్నారు. నేనేమన్నా దొంగతనం చేశానా? ఒక్క ఇంటికి నీళ్లు తప్పించానా?"

"తప్పించారు."

లీటియా నేల మీది అట్ట మడిచి పక్కన పెట్టింది.

"ఫిబ్రవరిలో సియాసీ ముసలమ్మ ఇంటికి మూడు రోజులు నీళ్లు రాలేదు. కొడుకు వేటకి పోయాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, గొడ్డలి పట్టుకెళ్లి చెరువు మీది మంచుగడ్డ కొట్టి తెచ్చుకుని, కరిగించుకుని తాగింది. నాలుగో రోజు నేను రొట్టె తీసుకెళితే తెలిసింది. ఆఫీసుకి ఫోన్ చేయొచ్చుగా పిన్నీ అన్నాను. ఏమందో తెలుసా? 'మంత్రి వాళ్లమ్మ మీద నేనెలా చెప్పనే?' అంది."

ఎండ కిటికీలోంచి నేరుగా ఆసివాక్ మొహం మీద పడుతోంది. అతను పక్కకి జరగలేదు.

"ఆ వారం రెండో లారీ పంపు గడ్డకట్టింది" అన్నాడు చివరికి. "వరసలో ఎవరిల్లు తప్పిందో చూసుకోలేదు. ఒక్క ఫోన్ చేసుంటే బకెట్లు పట్టుకుని నేనే పరిగెత్తేవాణ్ణి."

"పరిగెత్తేవారు. నాకు తెలుసు. కానీ ఆ ఒక్క ఫోన్ ఎవరూ చేయరు అత్తయ్యా. అదే నేను రాసింది. నాలుగు పేజీల్లోనూ అదే ఉంది."

ఆసివాక్ లేచి బూట్లు తొడుక్కున్నాడు. తాడు ముడి పడటం లేదు. తూమసీ వంగి ముడివేయబోతే చేయి విదిలించాడు.

"విచారణకి నేనూ వస్తాను" అని వెళ్లిపోయాడు.

తూమసీ గుమ్మంలోనే నిలబడిపోయాడు. సియాసీ సంగతి అతనికీ కొత్తే. నాకెందుకు చెప్పలేదని అడుగుదామనుకున్నాడు. చెబితే తానేం చేసేవాడో ఆలోచించి, అడగడం మానుకున్నాడు.

"ఏం చెబుతావు?" అంది లీటియా.

"డెస్మండ్ చెప్పమన్నదే" అన్నాడు. "నన్నిక ఏమీ అడగకు."

హాలుకి నడిచినంతసేపూ ఆమె ఏమీ అడగలేదు. మొగుడు ఏం చెప్పినా తను రాసినదానికి తను నిలబడాలని మాత్రం గట్టిగా అనుకుంది. ఏప్రిల్ ఎండ బాగానే ఉంది.

హాలు కిటకిటలాడుతోంది. పిల్లల్ని పార్కా కోట్ల వెనక టోపీల్లో వేసుకుని తల్లులొచ్చారు. బడి పంతులు వచ్చాడు. మొదటి వరసలో సియాసీ ముసలమ్మ అల్లిక ముందేసుకుని కూర్చుంది. కమిషనర్ మార్చ్‌బ్యాంక్ గారు సన్నగా, పొట్టిగా ఉన్నారు. ఒకప్పుడు జడ్జిగా చేశారట. ఆవిడ పక్కన పెద్దమనిషిగా ఊలూటా అనే ముసలావిడ కూర్చుంది. ఇక్కడి కట్టుబాట్లు తెలియకుండా ఇక్కడి మనిషి మీద తేల్చకూడదని కమిషనర్ ఏ ఊరెళ్లినా ఒక పెద్దను పక్కన కూర్చోబెట్టుకుంటారు.

"నేను ప్రభుత్వం మనిషిని కాదు. మంత్రిగారికి శత్రువునీ కాదు" అన్నారు మార్చ్‌బ్యాంక్ గారు. దుబాసీ ఆ మాట చెప్పేదాకా ఆగారు. "సభ్యులు తమ తప్పొప్పులు తామే తేల్చుకుంటే జనం నమ్మరని అసెంబ్లీయే నన్ను పెట్టుకుంది. ఏం తేల్చాలో మాత్రం నాకు ఎవరూ చెప్పరు. చెబితే నేను వినను."

వెనక ఎవరో "మా ఆవిడ లాంటిదే" అన్నారు. నలుగురు నవ్వారు. ఆవిడ కూడా నవ్వి కాగితం తిప్పారు.

"తూమసీ గారూ, ఒకే ప్రశ్న. నీళ్ల లారీల పని దక్కిన ఆసివాక్ మీకు ఏమవుతారు?"

తూమసీ లేచాడు. గోడవార కుర్చీలో డెస్మండ్ పంపిన కుర్రలాయరు కలం చేతిలో పట్టుకుని ముందుకు వంగాడు. తూమసీ గొంతు సవరించుకున్నాడు. చెప్పేస్తాడని లీటియాకి తెలిసిపోయింది. కళ్లు మూసుకుంది.

"ఏమీ అవను."

ఆ గొంతు తూమసీది కాదు. వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆసివాక్ ముందుకు వస్తున్నాడు.

"ఆయనకి నేనేమీ అవనండి. పేరు కలిసిందంతే. అమ్మా అని ఆయన సరదాకి పిలుస్తారు. నాకు కొడుకు లేడు. అలాగే రాసుకోండి."

సియాసీ చేతిలో అల్లిక ఆగిపోయింది. ఊలూటా దుబాసీ మాట కోసం చూడకుండా నేరుగా ఆసివాక్ మొహంలోకి చూసింది. తల్లి పేరు మోస్తున్నవాడు నలుగురిలో కొడుకు లేడనడం ఆ ఊళ్లో ఎవరూ విని ఎరగరు. లీటియాకి ఏడుపొచ్చింది. ఈ అత్తగారిని ఇన్నాళ్లూ ఎంత వేళాకోళం చేసింది!

"కుర్రాడు చెప్పాడు కదా మేడమ్" అంటూ కుర్రలాయరు లేచాడు. "ఇక మా మంత్రిగారు..."

"కూర్చో బాబూ" అన్నాడు తూమసీ. కుర్రలాయరు కూర్చున్నాడు.

"కమిషనర్ గారూ, నాకు తొమ్మిదేళ్లప్పుడు మా గుడారాల దగ్గరికి విమానం వచ్చింది. పిల్లల్ని బలవంతాన దూరం బడికి తీసుకుపోవడానికి. జాబితా పట్టుకుని ఒక ఆఫీసరు దిగాడు. నేను తోళ్ల పక్కల కింద ఉన్నాను. మా అమ్మ ఆ పక్కల మీదే కూర్చుని బూటు కుట్టుకుంటూ, నాకు కొడుకు లేడు అంది. ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే చెప్పింది. ఆ ఏడాది వెళ్లిన పిల్లల్లో ఇద్దరు తిరిగి రాలేదు."

హాల్లో పసిపిల్ల ఒకతె కేరుమంది. తల్లి ఊరుకోబెట్టింది.

"ఇప్పుడు మళ్లీ అదే అబద్ధం చెబుతోంది. రాసుకోండి. ఆవిడ మా అమ్మ." తూమసీ ఆసివాక్ వైపు తిరిగాడు. "కూర్చో అమ్మా. ఈసారి నేను దాక్కోను."

ఆసివాక్ కూర్చోలేదు. కళ్లు తుడుచుకుని నిలబడే ఉన్నాడు. కుర్రలాయరు కలానికి మూత పెట్టాడు. ఊలూటా కనుబొమలు పైకెత్తి, కమిషనర్ చెవిలో రెండు మాటలు చెప్పింది.

"చట్టంలో మీ అమ్మగారికి చోటు లేదు. ఆ సంగతి మీకు తెలిసే చెబుతున్నారా?" అన్నారు మార్చ్‌బ్యాంక్ గారు.

"తెలుసు. చట్టంలో రాయకపోతే మాకు లేకుండా పోతుందా?"

"ఈ మాట నా నివేదికలో ఉంటుంది. సోమవారం అసెంబ్లీ ముందుకి వెళుతుంది. వెనక్కి తీసుకోవాలంటే ఇప్పుడే."

తూమసీ కాదన్నట్టు ముక్కు ముడిచాడు.

"నోటితో చెప్పండి. రికార్డు కోసం."

"తీసుకోను."

లీటియాకి గుండె నిండిపోయింది. రెండు రోజుల కోపం, భయం ఒక్కసారిగా దిగిపోయాయి. ఇతన్నే కదా తను చేసుకుంది అనుకుంది. పదవి పోనీ, ఇల్లు మారదాం, మళ్లీ వేటకి పోదాం. ఈ మనిషి ఉంటే చాలు.

కమిషనర్ గారు రాయడం ముగించి తలెత్తారు.

"ఆ రోజు మీటింగు నుంచి లేచి వెళ్లమని మీకు ఎవరైనా చెప్పారా?"

"నా భార్య చెప్పింది." రెండు రోజుల తర్వాత మొదటిసారి తూమసీ ఆమె కళ్లలోకి చూశాడు.

"మరి ఎందుకు లేవలేదు? మరిచిపోయారా?"

అవునంటే సరిపోయేది. మీటింగు అయ్యాక ఇంట్లో అదే అన్నాడు. లీటియా కూడా నమ్మింది, నమ్మాలనుకుంది. పెద్దవాడైపోతున్నాడు, ఈమధ్య మతిమరుపు.

"లేదు" అన్నాడు తూమసీ. "రెండు దరఖాస్తులు వచ్చాయి. మిగతా ఇద్దరు సభ్యులూ రెండో వాళ్లకే ఇవ్వాలన్నారు. వాళ్ల లారీలు కొత్తవి. నేను లేస్తే అమ్మకి పని రాదని నాకు తెలుసు. అందుకే లేవలేదు. గంటసేపు వాదించి సంతకం పెట్టించాను."

లీటియా మొహం తిప్పుకుంది. నాలుగు పేజీలు రాసినప్పుడు కూడా ఆమె ఇంత రాయలేదు.

ఆసివాక్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ నడుం మీద చేయి పెట్టుకుని పెద్దరికంగా నిలబడే మనిషి, చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇరవై ఏడేళ్ల కుర్రాడంటే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"ఆ దరఖాస్తు నేను నలభై రోజులు కూర్చుని రాశాను" అన్నాడు. "లెక్కలు నాకు రావు. బడి పంతులు దగ్గర నేర్చుకుని రాశాను. నా కాగితాలు బాగున్నాయని నాకిచ్చారనుకున్నాను. కుర్రాళ్లకి అదే చెప్పుకున్నాను."

"అమ్మా..." అన్నాడు తూమసీ.

ఆసివాక్ ఆ పిలుపుకి పలకలేదు.

"మంత్రిగారూ" అన్నాడు. "అసలు మీరు అది చదివారా?"